లైన్ క్లియరెన్స్

ముప్పై ఒక్క ఏళ్లు
వెదురు గెడ చివర కొక్కెం కత్తి కట్టి
సింగ్‌నగర్ నించి పాయకాపురం దాకా
తీగకి తగిలిన ప్రతి రెమ్మనీ లాగి తెంపాను.
కరెంటోడికి చెట్టంటే ట్రిప్పు. అంతే.
గాలివాన వస్తే ఫోనూ నాకే, తిట్లూ నాకే.

రిటైరయ్యాక
రైవస్ కాలవ కట్ట మీద, పంచరు షాపు పక్కన
ఒక అద్దె షట్టరు. పైన గుడ్డ బ్యానరు: నీడ సంఘం.
లోపల బల్ల, తొమ్మిది పలుగులు, మూలిగే ఫ్యాను.
నేను వెళ్లింది మొక్కల కోసం కాదు,
మధ్యాహ్నం పూట మాట్లాడే మనిషి లేక.

సుగుణమేరి
(బ్లౌజులు కుడుతుంది, సంఘానికి పద్దు రాస్తుంది)
నన్ను ఎగాదిగా చూసి అడిగింది:
"మా ఇంటి ముందు బాదం చెట్టుని
మొండెం చేసింది మీరే కదూ?"
అబద్ధం నోట్లోకి రాలేదు.
"అయితే తీగలెక్కడున్నాయో మీకు తెలుసు.
రేపు ఆరింటికి రండి."

కొట్టినవాడికే
నాటే చోటు చూపించే పని పడింది.
ఇక్కడ పైన పదకొండు కేవీ, గన్నేరు చాలు.
ఇక్కడ కింద మంచినీళ్ల పైపు, రావి వద్దే వద్దు.
ఈ స్తంభం ఉత్తది, లైను ఎప్పుడో మార్చారు,
నేరేడు పెట్టండి, దాని జోలికి ఎవడూ రాడు.

ఖాజా మొహిద్దీన్ పాత టైర్లు కోసి తొడిగాడు,
ఆవు మూతి దూరకుండా.
కూరల బండి వీరమ్మ సాయంత్రం
తోటకూర కాడలు, క్యాలీఫ్లవర్ ఆకులు గోతిలో గుమ్మరించి
"నా లాభమంతా ఇందులోనే కుళ్లుతోంది" అని నవ్వేది.
మే నెలలో తారు చెప్పుకి అంటుకునే ఎండ,
ట్యాంకరు రాదు.
బియ్యం కడిగిన నీళ్లు బిందెలతో, చెంబులతో,
ఒక పిల్లాడైతే స్కూలు బాటిల్‌తో,
సగం దారిలో సగం తనే తాగేసి.

పద్దుపుస్తకంలో రెండు గళ్లు: బతికినవి, పోయినవి.
పోయినవాటికే మేరి కారణం రాస్తుంది.
మేక. మేక. పెళ్లి పందిరి గుంజ. ఎండ. మేక.

బుడమేరు ఇళ్లలోకి వచ్చిన ఏడు
పుస్తకమే నానిపోయింది.
పరుపులు, ఫ్రిజ్జులు, పిల్లల నోట్సులు
వీధంతా ఆరేసుకుంటున్న జనాన్ని
మొక్కల సంగతి అడగడానికి సిగ్గేసింది.
వీరమ్మే చూసొచ్చింది.
"కానుగలు నిలబడ్డాయి.
మెడదాకా బురద.
మొహం మాత్రం కడుక్కున్నట్టు చిగుళ్లు."
ఆ రాత్రి ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు.
షట్టరు ముందు ఒకటే గుండిగ, ఉప్పు తక్కువైన కిచిడీ.
ఎవరూ ఉప్పు మాట ఎత్తలేదు.

మొన్న కొత్త లైన్‌మాన్ వచ్చాడు, గెడ పట్టుకుని.
పాతికేళ్లుండవు. పైనించి ఆర్డరట.
ఆడవాళ్లు కొంగులు దోపి కానుగ చుట్టూ చేరారు.
మేరి చేతిలో కత్తెర, కుట్టు మధ్యలో లేచొచ్చింది.
"ఆగండి" అన్నాను.
ఆ గెడ ఎంత బరువో నా భుజానికి తెలుసు.
"బాబూ, తల నరక్కు.
ఈ కణుపు చూడు, దానికి పైన, ఏటవాలుగా.
మధ్యలో తీగకి దారి ఇయ్యి,
రెండు పక్కలా చెట్టుని ఉండనీ."
మొదటి కోత తప్పాడు.
రెండోది నాకంటే బాగా కోశాడు.

ఇప్పుడు మా కానుగ
పాపిడి తీసిన తల.
పాపిట్లోంచి కరెంటు పోతోంది.

మేరి పుస్తకం తీసింది.
బతికినవి గడిలో గీత పెట్టి
ఎప్పుడూ లేంది, కారణం రాయబోయి
నా వంక చూసింది.

నేను మేకని అదిలిస్తున్నాను.