బకెట్‌లో వేసినది

మొదటి ఏడు మాకు నేర్పిన మొదటి పని
శుభ్రం చేయడం.
కండ కనబడాలి, నరం కనబడాలి.
మధ్యలో అడ్డొచ్చే తెల్లటి పీచంతా
పట్టకారుతో లాగి
బల్ల కింద బకెట్‌లో వెయ్యాలి.
వేశాను.
దాని పేరు సంయోజక కణజాలమని పరీక్షలో రాసి
ఐదుకి నాలుగు తెచ్చుకున్నాను.

ఫ్లీట్‌వుడ్‌లో, వాన అడ్డంగా కొడుతున్న మంగళవారం,
వలలు బాగుచేసే క్లిఫర్డ్ ఎయిన్స్‌కో
కుడిచెయ్యి నా బల్ల మీద పరిచాడు.
ఆపరేషన్‌కి ముందు అది బల్లకి ఆనేది కాదు.
ఉంగరపువేలు అరచేతిలోకి ముడుచుకుని
ఎవరికో ఇవ్వాల్సిన నాణెం దాచినట్టుండేది.
మొహం కడుక్కుంటే ఆ వేలే కంట్లో పొడిచేది.
జేబులోకి దూరేది కాదు.

అరచేతి తోలు కింద ఒక పొర ఉంటుంది.
తడి తాడు లాగినప్పుడు
తోలు చేతిమీంచి జారిపోకుండా పట్టుకునేది అదే.
నలభై ఏళ్ళు పట్టుకుంది.
తర్వాత ఎందుకో
వదలడం మరిచిపోయింది.

"మా నాన్నకీ ఇంతే" అన్నాడు.
వంకరటింకర కుట్లు చూసుకుని
"ఇలా కుట్టేవాణ్ణి నేనైతే పనిలో పెట్టుకోను" అన్నాడు.
వేడినీళ్ళలో ప్లాస్టిక్ మెత్తబెట్టి
రాత్రిపూట కట్టుకునే పట్టీకి అచ్చు తీస్తుంటే
"కోసి తీసిందాన్ని ఏం చేశారు?" అని అడిగాడు.

ల్యాబ్‌కి పంపుతారన్నాను.
నాకు తెలీదు.

తెలిసింది చెప్పాను: అందులో దారం మూడు పాయలు,
జడలాగే.
అల్లే కణం తను అల్లినదాంట్లోనే కూర్చుని ఉంటుంది.
మడమ వెనక అది మోకు,
ఎముకలో సున్నం పట్టిన గోడ,
కంటి ముందు, నమ్మండి, అదే అద్దం.

జడ సంగతి తెలీదన్నాడు. తాడు తెలుసు.
"పాయల్ని ఎడమకి పేని, మూడింటినీ కలిపి కుడికి చుట్టాలి.
లేకపోతే ఊడిపోతుంది."
నా పుస్తకంలోనూ
ఎడమా, కుడీ, అలాగే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో.
పాతకాలపు ఓడల్లో నిమ్మకాయకి మొహంవాచిన నావికులకి
ఎప్పుడో మానిన గాయాలు
మళ్ళీ నోళ్ళు తెరిచేవట.
మానడం అయిపోయిన పని కాదు.
పాత దారం కరుగుతూ ఉంటుంది,
కొత్తది పడుతూ ఉండాలి.

కాసేపు మాట్లాడలేదు.
ఎడమచేతి చొక్కా మడిచి
మోచేతిదాకా పాకిన తెల్లటి గీత చూపించాడు.
"డెబ్బై నాలుగు. ఐస్‌లాండ్ దగ్గర. వించ్ తాడు తెగింది."
దాన్ని వేలితో రాస్తూ,
"అయితే ఇది ఇంకా కుడుతూనే ఉందన్నమాట."

ట్రామ్‌కి వేళయింది. లేచి
కుడిచెయ్యి మెల్లిగా కోటు జేబులో పెట్టాడు.
దూరింది.
అడుగునెక్కడో దొరికిన పిప్పరమెంటు బిళ్ళ తీసి
నా చేతిలో పెట్టాడు.
ఎన్నేళ్ళదో, కాగితం అంటుకుపోయింది.
గోటితో గీకబోయి ఆగాను.
కాగితంతోనే నోట్లో వేసుకున్నాను.