పురికొస పటం

ఫిబ్రవరి. ట్రియెస్తెలో బోరా గాలి
మూడు రోజులుగా కిటికీ రెక్కలు పీకుతోంది.
సందుల్లోంచి దూరి వంటింటి దాకా వస్తోంది.
బల్ల మీద పటం పరిచి
నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాను:
ఉప్పు జాడీ, కాఫీ గిన్నె, పటకారు,
లివియో ఎడమ చెయ్యి.

"ఎక్కడున్నాం?" అంటాడు.
ఇంకా ఎక్కడా లేం.
రెండు సీట్ల సైకిలు కింద మెట్ల గదిలో
వెనక చక్రం గాలి దిగి గోడకి ఆనుకుని ఉంది.
బయల్దేరడం ఏప్రిల్ ఆఖర్న.

చిన్న పట్టాల రైలొకటి
ఇక్కణ్ణించి పోరెచ్ దాకా నడిచేది.
మా అమ్మ పుట్టకముందే ఆపేశారు,
పట్టాలు పీక్కుపోయారు.
దారిని పీకడం ఎవరి వల్లా కాలేదు.
ఇప్పుడది సైకిళ్ళది.
నూట ఇరవై మూడు కిలోమీటర్లు,
మూడు దేశాలు,
నొప్పి మోకాలు ఒకటి, నాది.

లివియో కొండ మీది ఒపిచీనాకి
పందొమ్మిదేళ్ళు ట్రాము నడిపాడు.
చక్కెర జబ్బు ముందు కాలి వేలు అడిగింది,
తర్వాత చూపు.
నోటితో చెబితే దారి అతనిలో నిలవడం లేదు.
"కుడికి తిరిగి, వంతెన దాటి, ఎడమకి...
ఇది దారి కాదు నెవియా, కోర్టులో సాక్ష్యం."

అందుకని మైదా ఉడికించి
పాత రైలు వెళ్ళిన వంకరల్లా పురికొస అంటించాను.
స్టేషన్లకి బొత్తాలు.
కోపెర్‌కి నా పెళ్ళికోటుది,
ఇజోలాకి ముత్యం రంగుది.
(అతనికి రంగుతో పనిలేదు, నాకుంది.)
ఉప్పు మడుల దగ్గర తడి జిగురు మీద ఉప్పే చల్లాను.
ఎత్తులకి అట్టముక్కలు, ఒకదాని మీదొకటి.
సొరంగాలకి పాస్తా గొట్టాలు,
లోపల్నించి పురికొస దూర్చేసరికి
నా కళ్ళజోడు రెండుసార్లు జారింది.

అతని చూపుడువేలు బయల్దేరింది,
నాకంటే రెండు నెలలు ముందు.
ట్రాము వేగమే. బొత్తం బొత్తానికీ ఆగుతుంది,
ఎవరో ఎక్కాలన్నట్టు.
అట్టముక్కలు తగలగానే
"వెయ్యికి ఎంత?" అన్నాడు.
"ఇరవై ఎనిమిది."
"ఏం పర్లేదు." బల్ల కింద
అతని కుడికాలు దేన్నో మెల్లగా నొక్కుతోంది.

గ్రోజ్న్యాన్‌లో బస కోసం ఫోన్ చేశాను.
ఒకే గది, ఒకే మంచం అంది ఆవిడ.
మేం పక్కింటివాళ్ళం అన్నాను.
"అయితే పక్కపక్కనే పడుకోండి," అని పెట్టేసింది.
లివియో నవ్వి నవ్వి తుమ్మాడు.

తర్వాత వేలు గరుకు కాగితం మీదికి వచ్చి ఆగింది.
"ఇదేంటి?"
దారి తెగిన చోటు. నాలుగు కిలోమీటర్లు
లారీల రోడ్డు మీద పోవాలి.
"అంచు ఎంత వెడల్పు?"
అంచు లేదు.
ఆ ముక్క కత్తిరించేటప్పుడు
నా చెయ్యి ఎంత వణికిందో అతనికి చెప్పలేదు.
హ్యాండిల్ నాది. ఇద్దరి ఎముకలూ నా చేతిలో.
వేలు అటూ ఇటూ రెండుసార్లు తిరిగింది,
గోరు గీసుకున్న చప్పుడు.
"వెనక ఏదొస్తోందో
నీ అద్దానికంటే నా చెవికి ముందు తెలుస్తుంది.
నేను చెప్తా. నువ్వు తొక్కు."
నమ్మానని కాదు.
రెండో దారి పటంలో లేదు.

పోరెచ్ ఇంకా బెత్తెడు దూరం ఉండగా
పురికొస అయిపోయింది.
రేపు కొంటాలే అన్నాను.
వేలు వినలేదు. ఒట్టి కాగితం మీద
కాసేపు తడుముకుని,
బల్ల అంచు దాటి గాలిలోకి వెళ్ళింది.
"సముద్రం," అన్నాడు.
అక్కడున్నది కుర్చీ, దాని మీద ఆరేసిన నా తువ్వాలు.
దిద్దలేదు.
కాఫీ గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాను.
పటం ఆ మూల లేచి
టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.