డబ్బాలో గాలి

పలాసలో నెట్టు పోయి నాలుగో రోజు.
తుఫాను పడగొట్టిన స్తంభాలు లేచి నిలబడ్డాయి గానీ
తీగల్లోకి మాటలింకా రాలేదు.
జేబులో పెన్‌డ్రైవు, దానికో నల్లదారం.
విశాఖలో రాత్రి కూర్చుని దింపుకున్న ఫైళ్లు
పొద్దుటి పాసింజర్లో నాతోపాటు నిలబడే వచ్చాయి.

సుదర్శనం గారి జీడిపప్పు ఫ్యాక్టరీ.
ఆఫీసులో మూడు కంప్యూటర్లు, మూడిళ్ల మడి.
ఒకదాని వంట ఇంకొకటి ముట్టదు.
నేను రాసిన కాటా లెక్కల ప్రోగ్రాం
నా ల్యాప్‌టాప్‌లో గుర్రంలా పరిగెత్తింది,
ఇక్కడ కాలు కదపలేదు.
"మీ దగ్గర నడిచిందంటారు,
అయితే మీ ల్యాప్‌టాప్ నాకమ్మేస్తారా?"
అన్నాడాయన, నవ్వకుండా.

అందుకే ఈ కంటైనరు సాఫ్ట్‌వేరు.
చేత్తో ఎక్కించాలి, ఒక్కొక్క మిషన్లో, దాని పద్ధతిన.

మొదటిది ఉబుంటు.
గోదాం పక్కన, జీడి పొట్టు పట్టిన పెట్టె.
నల్లతెర మీద తెల్లగీత ఆరుతూ వెలుగుతూ
ఏదో ఒకటి చెప్పమంటోంది.
ఇంజను ఎక్కించబోయాను. కింద ఉండాల్సింది లేదంది.
దాన్ని పిలిస్తే, తన కింద మరొకటుందంది.
పెళ్లి పిలుపులే ఇవి కూడా.
పెదనాన్నకి చెప్పకుండా బాబాయికి చెబితే
ఇద్దరూ రారు.
వెనక్కెళ్లి పెద్దల వరసన పిలిచాను. వచ్చారు.
నా పేరు గుంపులో చేర్చడం మర్చిపోయి
నేను కట్టిన ఇంట్లోకే నాకు అనుమతి లేదనిపించుకున్నాను.
అదొక పావుగంట.

రెండోది విండోస్, గుమస్తా గవరయ్యది.
ఆపి, వెలిగించి, ఎఫ్ టూ నొక్కి నొక్కి
నీలం గదిలో దూరి
ఎవరూ ఎన్నడూ వేయని మీట ఒకటి వేశాను.
మళ్లీ ఆపి. మళ్లీ వెలిగించి.
విండోస్ కడుపులో ముందు చిన్న లినక్సు పెట్టాలి,
డబ్బాల సంగతి ఆ తర్వాత.
రీస్టార్ట్ అన్నప్పుడల్లా గవరయ్య
పసుపుబొట్టు పెట్టిన మానిటరుకి చేతులు జోడించేవాడు.
"బాబూ, మార్చి లెక్కలు అందులోనే ఉన్నాయి."
జనరేటరు రెండుసార్లు దగ్గింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

మధ్యలో టీ.
షెడ్డులో డబ్బాలకి మూతలేస్తోంది దాలమ్మ.
పదకొండేళ్లు పిక్కలు కొట్టిన చేతులు,
జీడి నూనె తిన్న చోట వేలిముద్రలు లేవు.
"ఏటి సేత్తన్నావు బాబూ,
పొద్దుట్నించి ఆ పెట్టెలకి వంగి మొక్కుతున్నావు?"
డబ్బాలే కడుతున్నానన్నాను.
ప్రోగ్రామూ, దానికి కావలసిన సరుకూ
ఒకే దాంట్లో పెట్టి మూతేస్తే
ఏ ఊరెళ్లినా అదే రుచి.
ఆమె నిండు డబ్బా ఒకటి వేలితో తట్టింది.
"మా దాన్లో గాలి కూడా ఈ ఊరిది కాదు బాబూ.
ఉన్న గాలి లాగేసి యేరే గాలి నింపుతాం.
నేకపోతే పురుగొట్టీదూ!"
ప్యాకేజీల జాబితా వెనక
ఆ మాట రాసుకున్నాను.

మూడోది సుదర్శనం గారి మేనల్లుడి మ్యాకు.
కొత్తది, తోమిన వెండిపళ్లెంలా ఉంది.
దీనికి శ్రమే లేదు, బొమ్మని లాగి
పక్క ఫోల్డరులో వదిలితే సరి, అన్నాను గొప్పగా.
లాగాను. వదిలాను.
తెరవనంది.
దాని చిప్పు వేరు, నేను తెచ్చింది పాత చిప్పుది.
రెండు ఫైళ్ల పేర్లకీ చివర కొద్ది అక్షరాలే తేడా,
రాత్రి ఒంటిగంటకి అవి కవలల్లా కనిపించాయి.
కిటికీలోంచి దాలమ్మ చూసింది.
"డబ్బా మంచిదే. మూతే యేరే డబ్బాది."
మేనల్లుడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

దీపాలు పెట్టే వేళకి ఉబుంటు "హలో" అంది.
గవరయ్య తెర మీద మొదటి తూకం పడింది.
రెండొందల నలభై రకం, పది కిలోలు,
ముప్పావు గ్రాము తేడా.
ఆయన ఆ ముప్పావు గ్రాము గురించే అడిగాడు.

కాశీబుగ్గ వైపు లైట్లు వస్తూ పోతున్నాయి.
విశాఖకి టికెట్టు తీసుకున్నాను, ఆ ఒక్క ఫైలు కోసం.
ప్లాట్‌ఫారం మీద పెన్‌డ్రైవు మూత తీసి చూస్తే
జీడి పొగ వాసన.
ఇంత చిన్న దాన్లోకి
ఈ ఊరి గాలి ఎప్పుడు దూరిందో.