మే నెలలో క్రిస్మస్

యోబు కూతుళ్ల పేర్లే పెట్టాడు నాన్న మా ముగ్గురికీ.
యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు.
అన్నీ పోయాక పుట్టిన పిల్లలు వాళ్లు, అనేవాడు,
మా ఇంట్లో పోవడానికి ముందు ఏముండేదో చెప్పకుండా.
మూడోది నేను.
మెట్టుగూడ బడిలో హాజరు పిలిచే సారు
నా దగ్గరికొచ్చేసరికి
కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు.
చివరికి అందరికీ హప్పునే అయ్యాను.
క్యాసెట్టు అట్ట మీద మాత్రం పూర్తిగా వేయించాడు నాన్న,
ప్రెస్సువాడు అక్షరానికింతని అడగలేదు కదా, అని.

లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు.
సొసైటీలో లోను ఎత్తి
యూసుఫ్‌గూడలో స్టూడియో మాట్లాడాడు,
గంటకి మూడొందల యాభై.
డిసెంబరులో అమ్మాలంటే మేలో పాడాలట.
రోహిణి కార్తె. బయట రోళ్లు పగులుతున్నాయి.
లోపల, మైకులో పడుతుందని ఫ్యాను ఆపేశారు.
ఏసీ ఎప్పుడో దానంతటదే ఆగిపోయింది.
గోడల నిండా గుడ్ల అట్టలు,
ఆ వేడికి వాటి వాసన లేచి వస్తుంటే
మేం మంచు గురించి పాడాం.

మంచంటే మాకు తెలిసింది
చేపల బండి కింద కారే నీళ్లు,
రంపపు పొట్టులో పొర్లించిన ఐసు దిమ్మ.
"కొంచెం చలిగా పాడండమ్మా" అన్నాడు కీబోర్డు సాల్మన్
బనీను పిండుకుంటూ.
కెజీయక్క నవ్వింది, ఒక టేకు పోయింది.
అద్దం అవతల నాన్న
పోయిన టేకులు వేళ్ల మీద లెక్కేస్తున్నాడు.
ఆ వేళ్లు చూస్తూ పాడితే శ్రుతి తప్పమన్నా తప్పదు.

డ్రమ్ముల పెట్టె గొడవ అంతకుముందే అయింది.
"బాలయేసు నిద్రపోవాలా, డాన్సు చెయ్యాలా?"
అడిగారు సంఘపెద్ద రత్నాకరంగారు.
నాన్న కాసేపు ఆలోచించి
"పశువుల పాకలో పడుకోనిచ్చిందెవరండీ" అన్నాడు.
మొదటి పాటలో డ్రమ్ములు కాస్త ఎక్కువే ఉంటాయి.

యెమీమక్కకి ఏడో నెల.
కూర్చుంటే ఊపిరందదు, నిలబడితే కాళ్లు వాస్తాయి,
ఎత్తు స్టూలుకి నడుము ఆనించి పాడింది.
బావకి చెప్పలేదు. అత్తగారికి అసలే చెప్పలేదు.
రైల్వే ఆసుపత్రి చీటీ చేతిలో పట్టుకుని
చెకప్పుకని బయల్దేరి వచ్చింది.

రెండో వైపు, మూడో పాట.
చరణం చివర తనొక్కతే పైకెళ్లాలి,
మేమిద్దరం కింద దుప్పటి పరిచినట్టు
సన్నగా పట్టుకుని ఉండాలి.
వెళ్లింది.
వెళ్లి, ఆ పైన, సగంలో
"హా" అని
పళ్లతో కొరికిన దారంలా తెగింది.
అర మాత్ర ఖాళీ.
ఆ ఖాళీలోంచి ఒక నవ్వు, చాలా చిన్నది,
దాన్నే స్వరం చేసుకుని దిగి వచ్చింది.

"మళ్లీ తీద్దామా?" అన్నాడు సాల్మన్.
నాన్న వేళ్లు అయిపోయాయి.

వెయ్యి వేయించాం. పోయినవి మూడొందల పన్నెండు,
అవీ ఎక్కువ క్యారల్స్ రౌండ్సులో
కేకు ముక్కతో పాటు చేతుల్లో పెట్టినవే.
మిగిలినవి అటక మీద
చిరిగిన కాగితపు నక్షత్రం కింద.
నాన్న రిటైరైన ఏడాది తీరింది లోను.

మొన్న డిసెంబరులో
అక్క కూతురు సిప్పోరా, ఇరవై ఏడేళ్లది,
మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి
ఎవరితోనో ఫోనులోకి ఎక్కించుకున్న ఆ పాటలు పెట్టింది,
నవ్వుకోడానికే.
"పిన్నీ, ఏంటీ డ్రమ్ములు,
గూడ్సు బండి పట్టాలు తప్పినట్టు!"
నేనూ నవ్వాను. ఎందుకు నవ్వను.
బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను,
అక్క వేయిస్తోంది.
ఫోనులో రెండో వైపంటూ లేదు,
తొమ్మిదో పాట వచ్చింది,
ఆ చోటు వచ్చింది.

"ఇక్కడేమైందే అమ్మా నీకు?"

"తన్నావు" అంది అక్క
గరిటె తిప్పుతూనే.

సిప్పోరా వెనక్కి జరిపింది.
విన్నది. మళ్లీ జరిపింది.
టేకుకి ఇంతని అడిగేవాళ్లెవరూ లేరు ఇప్పుడు,
ఆ ఒక్క చోటే పదిసార్లు తిప్పితిప్పి విన్నది.

ఉల్లిపాయలు మాడాయి.