ఎవరి తాలూకు

ఉండి రోడ్డులో రొయ్యపిల్లల పరీక్షల ల్యాబు.
రాత్రి పదకొండు.
వైరసు పట్టే మిషను బాగానే ఉంది.
దాని మాట వినే కంప్యూటరే
నాలుగు రోజులు టిక్కు టిక్కుమని
పొద్దున్న ఆగిపోయింది.

రామభద్రరాజు గారు కొత్త డిస్కు తెప్పించారు,
ఆత్రేయపురం తాండ్ర ముక్కంత.
"దీంతో ఎగిరిపోవాలమ్మాయ్" అన్నారు.
ఎగరడం తర్వాత సంగతి.

ఆ మిషనుకి పాత విండోస్ సెవెన్ తప్ప ఇంకోటి పడదు.
కంపెనీవాడు కొత్త మిషను కొనుక్కోమని
మర్యాదగా ఫోను పెట్టేశాడు.

బయోసులో డిస్కు పేరుంది, సైజుంది.
ఇన్‌స్టాలు తెరకి వచ్చేసరికి జాబితా ఖాళీ.
స్క్రూ విప్పి బిగించాను. మళ్ళీ విప్పాను.
లాభం లేదని తెలుసు,
చేతులు ఊరుకోవు.

మా వైపు గుమ్మంలో కొత్త మొహం కనబడితే
పెద్దవాళ్ళు పేరడగరు.
"ఎవరి తాలూకు?" అంటారు.
చెప్పగలిగితే మంచం వాలుస్తారు, మజ్జిగ తెస్తారు.
చెప్పలేకపోతే
ఎంత చురుకైనదానివైనా
గుమ్మంలో ఆడిన గాలివి.

ముసలిదాన్ని తప్పుపట్టలేను.
దాని కాలంలో డిస్కులన్నీ
ఒకే రకం తీగ పట్టుకుని, ఒకే వాకిట్లోంచి వచ్చేవి.
ఇదేమో ఏ తీగా లేకుండా
తిన్నగా బోర్డు మీద వాలింది.

డ్రైవరు ఫైలు దొరికింది.
పెన్‌డ్రైవులో ఇన్‌స్టాలు మూట విప్పి లోపల దూర్చాను.
ఈ సంతకం నాకు తెలీదు పొమ్మంది.
నిజమే, కొత్త రకం సంతకం.
ముందు ఆ సంతకం చదవడం నేర్పాలి,
తర్వాతే డ్రైవరు.
వరస తప్పితే మళ్ళీ మొదటికి.

పన్నెండు నలభైకి జాబితాలో ఒక్క గీత.
డిస్క్ సున్నా.
మేరీ సుగుణ చేతి తొడుగులతోనే చప్పట్లు కొట్టింది.
ఫైళ్ళు నిమిషంలో దిగిపోయాయి,
రాజు గారన్నట్టే, ఎగిరినట్టు.
రీస్టార్టు.
నీలం తెర.
మళ్ళీ రీస్టార్టు.
మళ్ళీ నీలం.

వరండాలో లోసరి తాతారావు,
ఆక్సిజన్ నింపిన సంచిలో రొయ్యపిల్లలు ఒళ్ళో పెట్టుకుని.
కునుకు మధ్యలో కళ్ళు తెరిచి
"ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నాడు.
"విజ్జేశ్వరం లాకుల మీద లస్కరు పోలయ్య మనవరాల్ని."
"ఓ" అన్నాడు, మళ్ళీ కళ్ళు మూశాడు.

నాకు మాత్రం నిద్ర వదిలింది.

పడవ పై నీళ్ళలోంచి కింది నీళ్ళలోకి
ఊరికే దూకదనేవాడు తాతయ్య.
ఒక తలుపు తీసి లోపలికి తీసుకోవాలి.
అది మూసి, నీళ్ళు సమం చేసి
రెండోది తీయాలి.
ఒకటి తీసి భోజనానికెళ్ళిపోయిన లస్కరుని
పడవవాళ్ళు తరతరాలుగా తిట్టేవాళ్ళట.

నేను ఒక్క తలుపే తీశాను.
ఇన్‌స్టాలు చేసేదానికి డిస్కుని పరిచయం చేశాను,
తీరా ఇన్‌స్టాలయ్యి కాపురముండేదానికి
ఎవరూ చెప్పలేదు.
తన ఇంట్లోనే కళ్ళు తెరిచి
ఇదెవరిల్లని బెదిరిపోతోంది.

మళ్ళీ మూట విప్పాను.
అదే సంతకం పాఠం, అదే డ్రైవరు,
ఈసారి రెండో మూటలో కూడా.
మూడుంపావుకి తెర మీద పాత పచ్చికబయలు బొమ్మ
(అది మేరీ సుగుణ పాత కంప్యూటర్లోంచి తెచ్చి పెట్టింది).
మిషను ఒకసారి మూలిగి దీపం వెలిగించింది.

తాతారావు సంచిలోంచి కాసిని పిల్లల్ని తీసి నూరారు.
ఆరున్నరకి గీత పైకి లేచింది.
పాజిటివ్.
కొత్త డిస్కు మీద, పాత కళ్ళతో
తెల్లమచ్చల వైరసుని ఠక్కున గుర్తుపట్టింది.
దానికి ఎవరి పరిచయమూ అక్కర్లేకపోయింది.

సంచి ముడి గట్టిగా బిగించాడు తాతారావు.
"తెలిసింది గదా, చెరువులో వదల్లేదు గదా" అన్నాడు.
మోటారుసైకిలు రెండో కిక్కుకి లేచింది.

రాజు గారు డబ్బులిస్తూ
పాత హార్డుడిస్కు చూపించి "పారేయనా?" అన్నారు.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
లోపల ఏదో చిన్నగా కదిలింది.
సంచిలో వేసుకున్నాను,
ఎందుకో అడగలేదాయన.