ఎర్ర సిరా

తల్కావానో రేవు మీద మూడు రోజులుగా వాన.
ఎదువీనా డైరీ తెరిస్తే
ముందు సార్డీన్ చేపల వాసన,
ఆ తర్వాతే అక్షరాలు.
ఇరవై రెండేళ్లు డబ్బాల ఫ్యాక్టరీలో
చేపల తలలు తుంచిన చేతులవి.
యాభై మూడో ఏట సోషల్ వర్క్ క్లాసుకొచ్చి
వెనక బెంచీ చివర
తడి కోటు విప్పకుండా కూర్చుంది.

నేను ఆమె పంతులమ్మని.
ఫీల్డ్‌వర్క్ డైరీలు దిద్దడం నా పని.

మొదటి వారం రాసింది:
"కొండ మీద రేకుల ఇల్లు. అన్సెల్మో, డెబ్బై ఆరేళ్లు.
కుళాయి లేదు. తోడు లేదు. మాట్లాడడు.
అతనికి సాయం అవసరం."
ఆఖరి వాక్యం కింద గీత గీసి అడిగాను:
ఇది ఎవరి మాట?
అతనన్నాడా, నువ్వన్నావా?

రెండో వారం పేజీ నిండా కొట్టివేతలే.
నలభై ప్రశ్నల ఫారం పట్టుకెళ్లిందట.
మూడో ప్రశ్నకే ముసలాయన
మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడట.
ఫారం మడిచి జేబులో కుక్కి
అతను బాగుచేస్తున్న వలకి
అవతలి అంచు పట్టుకుందట.
"ముడి తప్పు వేశానని కసిరాడు.
మేడమ్, ఇవాళ అతను మాట్లాడిన మాటలు పదకొండు.
అన్నీ తిట్లే."

ఆ పేజీకి ఎన్ని మార్కులెయ్యాలో
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నవంబరులో మునిసిపాలిటీకి అర్జీ.
అప్పటికి ఆమెది చేయి తిరిగిన రాత,
పది నిమిషాల్లో రాసిపారేసేది.
కలం అతని చేతికిచ్చింది.
నాలుగు వాక్యాలకి మధ్యాహ్నమంతా పట్టింది.
నీళ్లు అన్న మాటలోనే తప్పు దొర్లింది.
దిద్దబోయి
చేయి వెనక్కి లాక్కుందట.
గుమ్మంలోంచి చూస్తున్న పక్కింటి ఎర్మిందా
"నాకూ కుళాయి లేదు, ఆ కలం ఇటివ్వు" అందట.

కుళాయి ఇంకా రాలేదు.
అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది.
మూడోసారి అన్సెల్మోనే కొండ దిగి
కౌంటర్ ముందు టోపీ తియ్యకుండా నిలబడి
ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమన్నాడు.

డైరీ ఆఖరి పేజీ:
"మూడు ముడులు వచ్చాయి. ఇంకా తొమ్మిదున్నాయంటున్నాడు.
పట్టా చేతికొచ్చాక కూడా
గురువారాలు వెళ్తాను."

గీయడానికేమీ దొరకలేదు.
అయినా ఎర్ర సిరాతోనే కింద రాశాను:
నన్నూ తీసుకెళ్లు.
నాకు ఒక్క ముడీ రాదు.