నూట నలభై మూడో గడి

మొదటి ఏడు టికెట్ అర్ధ డాలరు.
ఉత్తర కరోలినాలో, టీగ్ వాళ్ళ పొగాకు చేలో
కంచర గాడిదలు తొక్కి చదును చేసిన
కోడిగుడ్డు ఆకారపు బాట.
వారమంతా కొండదారుల్లో
నాటుసారా దింపిన కార్లే
ఆదివారం వరసగా వచ్చి నిలబడ్డాయి
తలుపులు తాళ్ళతో బిగించుకుని,
వెనక సీట్లో ఇంకా ఆ వాసనతోనే.
షెరీఫ్ కూడా వచ్చాడు.
టికెట్ కొనుక్కునే వచ్చాడు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు.
మిల్లులో నూలు లెక్కలు రాసే ఆడపిల్లల్ని
కారుకొకరు చొప్పున బల్ల ముందు కూచోబెట్టారు.
చేతికో పెన్సిల్, రెండు వందల గడుల కాగితం.
నీ కారు గీత దాటితే ఒక టిక్కు.
రెప్ప వేయకూడదు, అంతే.

ఎర్రమట్టి లేచి నాలుక మీద కూచునేది.
రాత్రి తలంటుకుంటే
మూడు చెంబుల దాకా నీళ్ళు ఎర్రగానే పోయేవి.

ఎనిమిదో ఏడు నా కారు నలభై ఒకటి.
నడిపేది ఆర్విల్ కాజ్‌బీ, కోళ్ళ మేత అమ్మేవాడు.
నాలుగో మలుపులో ఎవరిదో చక్రం ఊడి
కంచె మీంచి, వేరుశనగలమ్మే కుర్రాడి టోపీ మీంచి
ఎవర్నీ తాకకుండా ఎగిరి
చేలో పడి దొర్లుకుంటూ పోయింది.
నేను దాన్నే చూశాను.
అది ఆగేదాకా చూశాను.

తల దించితే నూట నలభై మూడో గడి ఖాళీ.
దాటాడా? దాటే ఉంటాడు.
ఉంటాడు అనే మాటకి
ఆ కాగితంలో గడి లేదు.

కప్పు డ్యూయీ లెడ్‌ఫర్డ్‌కి ఇచ్చారు.
ఆర్విల్ బల్ల దగ్గరికొచ్చాడు,
మట్టి ముఖంలో కళ్ళద్దాల చోటు మాత్రం తెల్లగా.
"ఎన్నయ్యాయమ్మా నావి?"
"నూట తొంభై తొమ్మిది."
తలూపి, మేత లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మిగతా చరిత్ర కరపత్రంలో అచ్చేశారు:
తారు పడింది. దీపాలొచ్చాయి.
పందెం పేరుకి ముందు ఒక సిగరెట్ కంపెనీ పేరు
తగులుకుంది, ఊడిపోయింది.
మిల్లు మూతపడ్డాక పదమూడేళ్ళు
మెట్ల సందుల్లో పైన్ మొక్కలు కూచుని
ఏమీ లేని బాటని చూశాయి.
గెలిచినవాళ్ళ జాబితాలో ఎనిమిదో పేరు లెడ్‌ఫర్డ్.
నేనా పేజీ మడిచేస్తాను.

మళ్ళీ మొదలెట్టారు.
ఇప్పుడు కారు పొట్ట కింద బిళ్ళ ఒకటుంటుంది,
సెకనులో వెయ్యోవంతుతో సహా అదే రాసుకుంటుంది.
తొంభై దాటినదాన్నని నన్ను గాజుగదిలో కూచోబెట్టి
ఐస్ వేసిన టీ ఇచ్చారు.

ఆర్విల్ మార్చిలో పోయాడు.
మనవరాలు కోరీన్ నడుపుతోంది, అదే నంబరు.
సంచిలోంచి పాత కాగితం తీసి
మోకాలి మీద పరిచాను. మడతల దగ్గర చిరిగింది.
తెర మీద నూట నలభై రెండు వెలిగింది.
ఇంకొక్క చుట్టు.
పెన్సిల్ ఏదీ?
టీ గ్లాసు పక్కన, కళ్ళజోడు పెట్టెలో, మళ్ళీ సంచిలో
తడుముతున్నాను.

తలెత్తేసరికి
ఆ పిల్ల రెండో మలుపులో ఉంది.